పక్కపక్కనే మంచినీరు, ఉప్పునీరు: త్సో కార్ పరివాహక ప్రాంతాన్ని ఎలా చదవాలి?

మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు లద్దాఖ్‌లోని త్సో కార్‌ను ఎంచుకున్నారు. మూడు సంగతులు అడిగారు. ఒకే లోయలో, ఒకే వాగుల నీటితో నిండే రెండు సరస్సుల్లో ఒకటి మంచినీరు, ఒకటి ఉప్పు ఎలా అయ్యాయి? ఉపగ్రహ చిత్రాలతో పరివాహక ప్రాంతం గీస్తే నీరంతా బయటికి పోతున్నట్టు ఎందుకు వస్తోంది? జూలైలో ఆరు రోజులు అక్కడ ఉంటే ఏం కొలవాలి? ఈ మూడింటికీ మూలం ఒక్కటే. ఆ లోయలోకి వచ్చిన నీటికి ఆకాశం తప్ప బయటికి దారి లేదు. అది పట్టుకుంటే మిగతావన్నీ విడిపోతాయి.

త్సో కార్ ఛాంగ్‌థాంగ్ పీఠభూమిలో, రుప్షు ప్రాంతంలో, సుమారు 4,530 మీటర్ల ఎత్తున ఉంది. దక్షిణాన స్టార్ట్సాపుక్ త్సో అనే మంచినీటి సరస్సు, దాదాపు 438 హెక్టార్లు. ఉత్తరాన త్సో కార్, దాదాపు 1,800 హెక్టార్లు, విపరీతమైన ఉప్పు. రెండింటినీ కలుపుతూ ఒక చిన్న కాలువ. ఈ చిత్తడి నేలల సముదాయం 2020లో అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, మన దేశంలో 42వది. తూర్పున పొలొకొంగ్‌కా కనుమ దాటితే పుగా లోయ, ఆ నీళ్లు సింధులోకి పోతాయి. పడమర మోరే మైదానంలో దక్షిణ భాగపు నీరు పాంగ్ వైపు దిగి త్సారప్ నది మీదుగా జన్స్‌కార్ నదిలో, దాని వెంట సింధులో కలుస్తుంది. అంటే చుట్టూ సింధు నీళ్లే, నడుమ ఈ ఒక్క లోయ మాత్రం మూతపడిన గిన్నె.

హిమాలయాల ప్రధాన శ్రేణి, జన్స్‌కార్ శ్రేణి రుతుపవనాలను చాలావరకు ఆపేస్తాయి. లేహ్‌లోనే ఏడాదికి 100 మి.మీ. అటూ ఇటూ పడుతుంది. లోయలోకి వచ్చేది ఎక్కువగా పశ్చిమ అలజడులు (చలికాలంలో పడమటినుంచి వచ్చే తుఫానులు) తెచ్చే మంచు, అది కరిగిన నీరు. గాలిలో తేమ లేదు, ఎండ తీవ్రం, మధ్యాహ్నం దాటితే గాలి. కాబట్టి సరస్సు నిండి గట్టు దాటేలోపే నీరు ఆవిరైపోతుంది.

ఇప్పుడు ఉప్పు లెక్క. మనకు తెలిసిన కొల్లేరుతో మొదలుపెడదాం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేట్లో ఆగినా, ఉప్పుటేరు దాన్ని సముద్రానికి తీసుకుపోతుంది. నీటితోపాటు అందులో కరిగిన లవణాలూ పోతాయి. ఆవిరికి ఆ పని చేతకాదు. నీరు ఎగిరిపోతుంది, లవణం కిందే ఉండిపోతుంది.

స్టార్ట్సాపుక్‌కు ఉప్పుటేరు లాంటిది ఆ చిన్న కాలువే. వాగు 100 పాళ్ల నీరు తెస్తోంది, 40 పాళ్లు ఆవిరవుతున్నాయి, 60 కాలువలో పోతున్నాయి అనుకోండి. వచ్చిన లవణమంతా ఆ 60 పాళ్లలోనే బయటికి పోవాలి. అందుకని సరస్సు నీరు వాగు నీటికన్నా 1.67 రెట్లే చిక్కబడి అక్కడ నిలుస్తుంది. 90 పాళ్లు ఆవిరైనా పది రెట్లే. వాగు నీరు తేటగా ఉంటే పది రెట్లు చిక్కనైనా నీటి మొక్క, నాచు, పురుగు బతుకుతాయి. కాలువ పూర్తిగా ఆగిపోతే మాత్రం ఈ లెక్కకు అంతు ఉండదు. ఏటా పేరుకుంటూనే ఉంటుంది.

త్సో కార్ స్థితి సరిగ్గా అదే. లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు చేరుతోందనీ, ఏడాదికి ఒక మీటరు ఆవిరవుతోందనీ అనుకుందాం. (రెండూ లెక్కకోసం తీసుకున్నవి. మీరు కొలిచాక మీ అంకెలు వేసుకోండి.) ప్రతి చదరపు మీటరు మీద 1,000 లీటర్లు ఎగిరిపోయి 200 గ్రాములు మిగులుతాయి. 1,800 హెక్టార్లకు అది ఏడాదికి 3,600 టన్నులు. వెయ్యేళ్లకు చదరపు మీటరుకు 200 కిలోలు. ఒడ్డున కనిపించే తెల్లదనానికి భూమిలో ఉప్పు గని ఏదీ అక్కర్లేదు, కాలం చాలు.

ఆ తెల్లనిదంతా మనం తినే ఉప్పు కాదు. నీరు చిక్కబడుతూ ఉంటే ముందు కాల్షియం కార్బొనేట్ విడిపోతుంది, తర్వాత జిప్సం, బాగా చిక్కబడ్డాక మామూలు ఉప్పు. చల్లని ఉప్పు సరస్సుల్లో సోడియం సల్ఫేట్ ఒక ప్రత్యేకం. చలికి మిరాబిలైట్ అనే గాజులాంటి స్ఫటికంగా కడుతుంది. వేసవి ఎండకు అందులోని నీరు పోయి మెత్తని తెల్లపిండి అవుతుంది. మధ్యాహ్నపు గాలికి లేచే తెల్లదుమ్ములో ఇలాంటి పొడి ఉండవచ్చు. కాబట్టి జూలైలో తెచ్చిన పొరను పరీక్షించి "ఇక్కడ మిరాబిలైట్ లేదు" అని రాయకండి. శీతాకాలంలో ఉండి కరిగో ఎండో పోయి ఉండవచ్చు.

సరస్సుల చుట్టూ కొండవాలు మీద ఒకదానిపై ఒకటి మెట్లలా పాత ఒడ్డు గీతలు కనిపిస్తాయి. ఒకప్పుడు తేమ ఎక్కువగా, ఆవిరి తక్కువగా ఉన్న కాలంలో రెండు సరస్సులూ కలిసి ఒకే పెద్ద సరస్సుగా ఉండేవని వాటి అర్థం. ఆ పాత సరస్సు అడుగే ఇప్పటి చౌడు నేల. ఉదయం ఏటవాలు వెలుతురులో మెట్లు బాగా తేలుతాయి, మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే ఏమీ కనబడదు.

మ్యాపులో మీకు వచ్చిన తప్పు సంగతి. మీరు బహుశా ఎత్తుల రాస్టర్ (ప్రతి గడిలో ఎత్తు అంకె ఉండే పటం) దించుకుని, ముందుగా గుంటలు పూడ్చే సాధనం నడిపి, ఆ తర్వాత ప్రవాహ దిశలు తీశారు. మామూలు నదీ ప్రాంతాల్లో ఇది సరైన పద్ధతే, ఎందుకంటే అక్కడి గుంటలు చాలావరకు డేటా దోషాలు. త్సో కార్ మాత్రం నిజమైన గుంట. సాఫ్ట్‌వేర్ దాన్ని దోషమనుకుని, లోయ మొత్తాన్ని చుట్టూ ఉన్న అతి తక్కువ ఎత్తు గట్టు దాకా నింపేసి, అక్కడినుంచి లేని నదిని గీసింది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గ్రాస్ పనిముట్లు ఉంటే ఆర్.వాటర్‌షెడ్ వాడండి. అందులో డెప్రెషన్ అనే ఇన్‌పుట్ ఉంటుంది. రెండు సరస్సుల హద్దులు గీసి, రాస్టర్‌గా మార్చి, నీటి గళ్లకు 1, మిగతా వాటికి శూన్యం పెట్టి అక్కడ ఇవ్వాలి. అప్పుడు నీరు అక్కడ ఆగుతుంది. గుంటలు పూడ్చే సాధనాన్ని దీనికి ముందు నడపకండి, నడిపితే చేసిన పనంతా వృథా.

ఎత్తుల డేటాకు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) భువన్ పోర్టల్‌లో ఇచ్చే కార్టోడెమ్ అనే ఎత్తుల నమూనా (డెమ్) సరిపోతుంది. దాన్ని కోపర్నికస్ 30 మీటర్ల డెమ్‌తో పోల్చి చూసుకోండి. గీసిన హద్దు తూర్పున పొలొకొంగ్‌కా కనుమ మీదుగా పోవాలి, పోకపోతే ఎక్కడో తప్పింది. పడమర మోరే మైదానం దగ్గర జాగ్రత్త. అక్కడ జలవిభాజకం, అంటే నీటిని రెండు వైపులకు విడదీసే గట్టు, కంటికి ఆనదు. అంత చదునైన చోట ఎత్తులో రెండు మూడు మీటర్ల దోషం హద్దును కిలోమీటర్ల మేర జరిపేస్తుంది. ఆ భాగాన్ని గట్టి గీతతో కాకుండా రెండు డెమ్‌ల మధ్య తేడాగా, పట్టీలా చూపించండి. గైడుగారు ప్రశ్నించినా అదే నిజాయితీ గల మ్యాపు.

సరస్సు విస్తీర్ణం తీయడానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు వాడేటప్పుడు మంచు, ఉప్పు రెండూ తెల్లగానే కనిపిస్తాయి. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుతురు) బ్యాండ్‌లో మంచు నల్లగా, పొడి ఉప్పు తెల్లగా తేలుతుంది. కానీ తడి ఉప్పు, తనలో నీరు కట్టుకున్న లవణాలు కూడా ఆ బ్యాండ్‌లో మసకబారతాయి. అందుకని ఒక్క బ్యాండ్ మీద తీర్పు ఇవ్వకండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల మబ్బులేని చిత్రాలు తీసుకుంటే మంచు గొడవే చాలావరకు తప్పుతుంది. త్సో కార్ లోతు తక్కువ, ఒడ్డు చదును. నీటిమట్టం ఒక జానెడు మారినా ఒడ్డు గీత చాలా దూరం జరుగుతుంది. విస్తీర్ణం తగ్గిందని కంగారుపడి "సరస్సు ఎండిపోతోంది" అని రాసేముందు అదే నెలవి కనీసం పదేళ్ల చిత్రాలు వరుసగా చూడండి. సెంటినెల్ లేని ఏళ్లకు ల్యాండ్‌శాట్ ఉంది.

ఇక ఆరు రోజుల పని. ముందు ఒంటి సంగతి: అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 57 శాతం దరిదాపుల్లో ఉంటుంది. విమానంలో లేహ్ దిగితే అక్కడ కనీసం రెండు మూడు రోజులు ఊరికే ఉండి అలవాటు పడ్డాకే పైకి పోవాలి. తలనొప్పితోపాటు వాంతి, తూలుడు వస్తే నమూనాలు వదిలేసి కిందికి దిగిపోవాలి, దిగడమే అసలు మందు. ఇది ఛాంగ్‌థాంగ్ శీతల ఎడారి అభయారణ్యం కిందికి వస్తుంది, నీరు, మొక్కలు సేకరించాలంటే వన్యప్రాణి విభాగం అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

నేనైతే ఉప్పు సరస్సు మీద ఒక్క రోజే పెట్టి, మిగతా సమయమంతా మంచినీటి అంచుల మీద పెడతాను. ఫొటోలు తెల్ల సరస్సుకే పడతాయి, బతుకంతా ఆ అంచుల్లో ఉంది.

వాగు ప్రవాహం కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. తిన్నగా పారే 10 మీటర్ల ముక్క ఎంచుకోండి. అడ్డంగా ఐదారు చోట్ల లోతు కొలిచి సగటు తీయండి. సగం మునిగే నారింజపండో, సగం నింపిన చిన్న సీసానో వదిలి ఐదుసార్లు సమయం చూడండి. పైపొర నీరు వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. వాగు వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 25 సెం.మీ., పైపొర వేగం సెకనుకు 0.6 మీటర్లయితే ప్రవాహం సెకనుకు 255 లీటర్లు. ఇందులో అందరూ పొరపడేది గడియారం దగ్గర. మంచు కరుగు నీరు ఉదయం సన్నగా ఉండి సాయంత్రానికి ఉబ్బుతుంది. ఉదయం ఒక వాగును, సాయంత్రం ఇంకో వాగును కొలిచి పోలిస్తే ఆ పోలిక పనికిరాదు. ప్రతి చోటా ఉదయం 7కు, సాయంత్రం 6కు, రెండుసార్లూ కొలవండి. ఒండ్రు విసనకర్ర (వాగు కొండ దిగే చోట విసనకర్రలా పరిచిన ఒండ్రు) మీద వాగు గులకరాళ్లలోకి ఇంకి మాయమైతే ఎండిపోయిందని రాయకండి. కింది అంచున, పచ్చిక మొదలయ్యే చోట, ఊటలుగా మళ్లీ పైకి వస్తుంది.

ఆ అంకెను సరస్సుతో ముడిపెట్టండి. స్టార్ట్సాపుక్ 438 హెక్టార్ల మీద ఏడాదికి ఒక మీటరు ఆవిరైతే 43.8 లక్షల ఘనపు మీటర్లు. ఏడాది పొడవునా సగటున సెకనుకు 139 లీటర్లన్నమాట. లోపలికి వచ్చేది దీన్ని దాటినంతకాలమే కాలువ పారుతుంది, కాలువ పారినంతకాలమే సరస్సు మంచినీరుగా ఉంటుంది. ఎగువన వాగు మళ్లించినా, మంచు తగ్గినా, మొదట దెబ్బ తగిలేది పెద్ద ఉప్పు సరస్సుకు కాదు. ఈ కాలువ ఆగుతుంది, ఆ వెనకే చిన్న సరస్సు ఉప్పెక్కడం మొదలవుతుంది. మీ ప్రాజెక్టులో ఒకే ఒక్క సూచిక పెట్టాల్సి వస్తే కాలువ ప్రవాహం పెట్టండి.

నమూనాలు ఈ వరుసలో తీయండి: ఊట, వాగు, స్టార్ట్సాపుక్ నడిమి ఒడ్డు, కాలువ, కాలువ త్సో కార్‌లో కలిసే మూతి, చివరగా ఆ మూతికి దూరంగా ఉత్తరపు ఒడ్డు. తేట నీటినుంచి ఉప్పునీటికి పోతే సీసాలు, మీటర్లు కలుషితం కావు, తిరగేస్తే అవుతాయి. నీటి విద్యుత్ వాహకత చూపే చౌక కండక్టివిటీ మీటర్లు చాలావరకు 20 మిల్లీసీమెన్స్ దగ్గర ఆగిపోతాయి. త్సో కార్ నీటిలో ముంచితే స్కేలు దాటిందనో, తప్పు అంకెనో చూపిస్తాయి. ఒక పాలు నీటికి తొమ్మిది పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలవండి, అప్పటికీ ఎక్కువైతే ఒకటికి నలభై తొమ్మిది. వచ్చిన అంకెను ఊరికే పదితోనో యాభైతోనో గుణించి అసలు వాహకత అని రాయకూడదు. పలచబడ్డ కొద్దీ అయాన్లు తేలిగ్గా కదులుతాయి కాబట్టి గుణించిన అంకె అసలుదానికన్నా పెద్దదవుతుంది. చిక్కటి నీటికి నమ్మదగింది తూకమే: 100 మి.లీ. కొలత ఫ్లాస్కులో బరువు తూచి సాంద్రత తీయండి, కళాశాలకు తిరిగొచ్చాక 10 మి.లీ. నమూనాను 180 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, చల్లారగానే తూచండి. మెగ్నీషియం లవణాలు గాలిలో తేమ పీల్చుకుంటాయి, ఆలస్యమైతే బరువు పెరుగుతుంది. ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలత) మాత్రం అదే రోజు ఆమ్లంతో టైట్రేట్ చేయాలి, సీసాలో నిలవుంటే కార్బొనేట్ అడుగున పేరుతుంది. ఆక్సిజన్ మీటరుకు స్థానిక పీడనం ఇవ్వకపోతే అక్కడ దాని అంకెకు విలువ లేదు.

అంకెలు వచ్చాక క్లోరైడ్‌ను కొలబద్ద చేసుకోండి. బాగా చిక్కబడేదాకా అది స్ఫటికం కట్టదు. వాగులో కన్నా సరస్సులో క్లోరైడ్ ఇరవై రెట్లుంటే నీరు ఇరవై రెట్లు చిక్కబడిందని అర్థం. అదే లెక్కన కాల్షియం కూడా ఇరవై రెట్లుండాలి. రెండే రెట్లుంటే మిగతాది సున్నంగా, జిప్సంగా అడుగుకు చేరింది. ఈ ఒక్క పట్టికతో సరస్సు అడుగున ఏముందో తవ్వకుండా సగం చెప్పేయవచ్చు.

ఇప్పుడు జీవజాలం. ఊట దగ్గరినుంచి ఉప్పు ఒడ్డు దాకా ఒక తాడు పరిచి ప్రతి 5 మీటర్లకు కిందికి చూడండి. ఊట పక్కన తుంగజాతి గడ్డి పచ్చని మట్టిగడ్డలుగా లేచి ఉంటుంది. నేల గడ్డకట్టి, కరిగి, ఉబ్బి అలా బుడిపెలు కడుతుంది. వాటి నడుమ చీలమండ లోతు నీరు. ఇంకొంచెం పోతే ప్రతి బుడిపె మొదట్లో తెల్లటి చారిక మొదలవుతుంది. తుంగ పలచబడి ఉప్పు తట్టుకునే పుచ్చినెల్లియా గడ్డి, ట్రైగ్లోకిన్, గ్లాక్స్ వస్తాయి. ఆపైన పెచ్చులూడే చౌడు, దాని కింద నల్లటి బురద. ఎదురుగా కొండవైపు పోతే గులకనేలలో కరగానా ముళ్లపొద, స్టైపా గడ్డి, మెత్తలా నేలకు అతుక్కుపోయిన మొక్కలు. చెట్టన్నది లేదు. ఆ మెత్తమొక్కలు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, పాడవడానికి ఒక్క బూటు గట్టిగా తొక్కితే చాలు. చౌడు పొర మీద బండి నడిపితే కింది బురదలో దిగబడుతుంది, ఎలాగో లాగి తెచ్చినా ఆ చాళ్లు ఏళ్ల తరబడి చెరగవు, నీరు వాటివెంటే పారి పచ్చిక ఎండుతుంది. ఈ ప్రాంతానికి వచ్చే బైకర్లలో మన తెలుగువాళ్లూ చాలామంది ఉంటున్నారు. దయచేసి బండి దారి మీదే ఉంచండి.

నల్లమెడ కొంగ, అంటే బ్లాక్ నెక్డ్ క్రేన్, లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక పక్షి. ఆ తుంగ బుడిపెల మధ్యే, చుట్టూ నీరున్న దిబ్బ మీద, మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. నీరే దానికి కంచె. నీటిమట్టం తగ్గితే నక్కకు, ఊరకుక్కకు దారి దొరుకుతుంది. బార్‌హెడెడ్ బాతులు, జక్కవలు, గోధుమతల గల్ పక్షులు కూడా ఇక్కడ గుడ్లు పొదుగుతాయి. ఈ చివరి మూడు జాతులు చలికాలంలో మన మంజీరా, పులికాట్ లాంటి చోట్లకు వస్తాయి. పక్షుల లెక్క ఉదయం 10 లోపే ముగించండి, తర్వాత ఎండకు గాలి అలలు తేలి టెలిస్కోపులో ఏదీ నిలవదు. గూటికి అర కిలోమీటరు దూరం ఉంచండి. కొంగ మేత మాని మెడ నిక్కించి మీవైపు చూస్తే అప్పటికే దగ్గరికి వెళ్లినట్టు.

కియాంగ్ అడవి గాడిదలు మైదానంలో మందలుగా కనిపిస్తాయి. అవి మేతంతా తినేస్తున్నాయని ఛాంగ్పా పశుపోషకుల్లో ఒక ఫిర్యాదు ఉంది. మొత్తం మేతలో కియాంగ్ వాటా పెంపుడు జీవాల వాటాకన్నా బాగా తక్కువ, అయినా ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. శీతాకాలానికి దాచుకున్న తుంగ పచ్చికలోకే అవి కూడా దిగుతాయి, నష్టం అక్కడ తగులుతుంది. పష్మీనా ధర పెరిగాక మందల్లో మేకల వాటా పెరిగింది. 1962 యుద్ధం దరిదాపుల్లో సరిహద్దు మూతపడి, టిబెట్ శరణార్థులు వచ్చి, అవే బీళ్ల మీద మందలు పెరిగాయి. ఒకప్పుడు ఛాంగ్పాలు ఈ సరస్సు ఉప్పును గొర్రెల వీపున వేసుకుని జన్స్‌కార్ దాకా పోయి బార్లీ మార్చుకునేవారు, ఆ వ్యాపారం ఇప్పుడు లేదు.

నీటికి దారి లేని చోట మురుక్కీ దారి లేదు. గుడారాల హోటళ్ల మరుగుదొడ్డి నీరు ఇంకేది ఆ ఊటల నేలలోకే, చేరేది ఆ సరస్సుకే. వంటచెత్త కుక్కల్ని పెంచుతుంది, ఆ కుక్కలు కొంగపిల్లల్ని తింటాయి. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా బాధించేది కుక్కల సమస్య, ఎందుకంటే చెత్త కిందికి మోసుకుపోతే చాలావరకు తగ్గేదే. మరో కొత్త సంగతి పాంగ్ కేంద్రంగా 13 గిగావాట్ల సౌర, పవన విద్యుత్ ప్రణాళిక. దాని ప్రసార లైన్లకు కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ 2023 అక్టోబరులో 20,773.70 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది, లైను హర్యానాలోని కైథల్ దాకా. ప్యానెళ్లు ఏ మేతబీళ్లు కప్పుతాయి, తీగలు కొంగలు ఎగిరే దారిని ఎక్కడ కోస్తాయి అన్నది మీ మ్యాపు మీద పొరగా వేసి చూడదగిన ప్రశ్న.

మీ పట్టికలో ప్రతి కొలతకు పక్కన గంట, గాలి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత తప్పకుండా రాయండి. కాలువ దగ్గర ఒక రాయికి మట్టం గుర్తు పెట్టి, జీపీఎస్ స్థానంతో ఫొటో తీసి ఉంచండి. మీ తర్వాత వచ్చేవారు అదే రాయి దగ్గర మళ్లీ కొలిస్తే మార్పు తెలుస్తుంది.